ఊపిరితిత్తుల కాన్సరు: ముందు పరీక్ష, తరువాత మాత్ర

(పంచాయతీ సభ్యుల శిక్షణ శిబిరమున చేసిన ప్రసంగము)



గ్రామమున ఎవరికేని పెద్దజబ్బు చేసినచో ఆ ఇంటివారు మొదట మీ గడపనే త్రొక్కుదురు. ఏ ఆస్పత్రికి పోవలెను, పొలము అమ్మవలెనా అని మిమ్ములనే అడుగుదురు. అందుచేత ఊపిరితిత్తుల కాన్సరుకు వాడు మాత్రలను గురించి మీతో ముచ్చటింపదలచితిమి.

పూర్వము ఈ జబ్బు ముదిరినచో నరము ద్వారా ఎక్కించు కీమోతెరపీ మందులే ముఖ్యాధారము. నేడు కొందరు రోగులు దినమునకొక మాత్ర మ్రింగుచు ఇంటనే ఉండగలుగుచున్నారు. జెఫిటినిబ్, ఎర్లోటినిబ్, ఒసిమెర్టినిబ్ అనునవి అట్టి మాత్రలు. జెఫిటినిబ్‌కు మొదటి అనుమతి 2002లో జపానులో లభించినది. 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఎర్లోటినిబ్‌ను అత్యావశ్యక ఔషధముల పట్టికలో చేర్చినది.

అయితే ఈ మాత్రలు అందరికిని పనిచేయవు. పెరుగుమని కణమునకు ఆజ్ఞనిచ్చు ఏర్పాటు శరీరమున కలదు. ఇ.జి.ఎఫ్.ఆర్. అను జన్యువు మారినచో ఆ ఆజ్ఞ ఎన్నటికిని ఆగదు; గడ్డ పెరుగుచునే యుండును. మాత్ర ఆ ఆజ్ఞను అడ్డగించును. ఆ మార్పే లేనివారికి మాత్ర అడ్డగింపవలసినదేమున్నది?

2009లో వెలువడిన ఒక ఆసియా పరిశోధన దీనిని రుజువు చేసినది. జన్యుమార్పు ఉన్నవారిలో నూటికి 71 మందికి జెఫిటినిబ్ వలన గడ్డ తగ్గెను. మార్పు లేనివారిలో నూటికి ఒకరికి మాత్రమే తగ్గెను; అట్టివారికి కీమోతెరపీయే మేలైనది. కావున పరీక్ష లేకుండ మాత్ర కొనుట ధనమును, అంతకన్న విలువైన కాలమును పోగొట్టుకొనుటయే.

మన దేశమున అడినోకార్సినోమా అను రకపు కాన్సరు గలవారిలో సుమారు నాల్గవ వంతు మొదలు మూడవ వంతు మందికి ఈ మార్పు కనబడుచున్నది. పొగత్రాగనివారిలోను, స్త్రీలలోను ఇది హెచ్చు. “చుట్ట ముట్టని మనిషికి కాన్సరేమిటి?” అని ఉపేక్షింపరాదు. గడ్డనుండి తీసిన ముక్కను పరీక్షించి ఈ మార్పును కనుగొందురు. వేరొక జన్యుమార్పు బయటపడినచో దానికి వేరు మాత్ర ఉండవచ్చును.

రెండు వారములకు మించి దగ్గు ఉన్నవారిని తెమడ పరీక్షకు పంపుడు. క్షయ లేదని తేలియు దగ్గు తగ్గకున్నను, తెమడలో రక్తము పడినను, మనిషి చిక్కిపోవుచున్నను పెద్ద ఆస్పత్రికి పంపుడు. హైదరాబాదులో 1955లో ఏర్పడిన ఎం.ఎన్.జె. కాన్సరు ఆస్పత్రియు, విశాఖపట్నము చెంత అగనంపూడిలో హోమీ భాభా కాన్సరు ఆస్పత్రియు ఉన్నవి.

మాత్ర ఆరంభించిన పిదప డాక్టరు చెప్పనిదే మానరాదు. ఒంటిపై పొక్కులు, విరేచనములు, గోళ్లచుట్టు పుండ్లు కలుగవచ్చును. వీనికి చికిత్స కలదు. అకస్మాత్తుగా ఆయాసము హెచ్చినచో తక్షణమే ఆస్పత్రికి కొనిపోవలెను. క్షయకు వాడు రిఫాంపిసిన్ ఈ మాత్రల బలమును తగ్గించును. కనుక వాడుచున్న మందులన్నిటిని, నాటుమందులతో సహా, డాక్టరుకు చెప్పవలెను. ఒకరికి మిగిలిన మాత్రలు మరొకరికి ఇయ్యరాదు.

ముదిరిన జబ్బును ఈ మాత్రలు సాధారణముగా సమూలముగా పోగొట్టలేవు. కొన్ని నెలలు, కొందరికి కొన్ని సంవత్సరములు అదుపులో ఉంచును. పిమ్మట జబ్బు తిరుగబడినచో మరల పరీక్షించి మందు మార్చుదురు. ఇది ఆ కుటుంబమునకు ముందే తెలియవలెను.

2024లో కేంద్ర ప్రభుత్వము ఒసిమెర్టినిబ్‌పై దిగుమతి సుంకమును తొలగించినది. జెఫిటినిబ్‌ను మన దేశపు కంపెనీలే తయారుచేయుచున్నవి. అయినను పొలము బేరము పెట్టుటకు ముందు, ప్రభుత్వ పథకము క్రింద ఏ ఖర్చు భరింపబడునో ఆస్పత్రిలోనే విచారింపుమని చెప్పుడు. అంతకన్న ముందుగా, “జన్యుపరీక్ష అయినదా?” అని అడుగుడు. ఆ ఒక్క ప్రశ్న మీ గ్రామమున ఒక కుటుంబమును నిలబెట్టగలదు.