పీకడం ఉచితం, నిలబెట్టడం ఖర్చు
(వార్షిక సమావేశంలో వైద్య సేవా విభాగం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



 గుండె గురించో, కిడ్నీల గురించో కాకుండా ఈసారి పళ్ల గురించి మాట్లాడతామంటే కార్యవర్గంలోనే ఒకరిద్దరు నవ్వారు. "పళ్ల కోసం చందా ఎవరిస్తారయ్యా?" అన్నారు. అడగడానికే వచ్చాం. అయితే అడిగే ముందు మా పొరపాటు ఒకటి మీ ముందు ఒప్పుకోవాలి.

పోయినసారి సంచికలో మన ఉచిత దంత వైద్య శిబిరం ఫొటోలు చూసే ఉంటారు. షామియానా, వరుసగా కుర్చీల్లో జనం, తెల్లకోట్ల డాక్టర్లు. పొద్దుటి నుంచి అసర్ నమాజు వేళదాకా పళ్లు పీకుతూనే ఉన్నారు. సాయంత్రం లెక్క చూసుకుని చాలా సంతోషించాం. ఎన్ని ఎక్కువ పీకితే అంత ఎక్కువ సేవ చేసినట్టు లెక్కేసుకున్నాం.

కొన్ని నెలలకు, ఆ శిబిరానికి వచ్చిన ఒక ఆపా మళ్లీ ఆఫీసుకు వచ్చింది. ఇంట్లో మిషను కుట్టుకుంటూ ముగ్గురు పిల్లల్ని సాకుతున్న మనిషి. వయసు ముప్పై దాటి ఎంతో కాదు. శిబిరంలో ఆమెకు కుడివైపు కింది దవడ పళ్లు రెండు తీశారు. ఇప్పుడు ఎడమవైపు నొప్పి. "ఇవి కూడా తీసేస్తే అన్నం దేంతో నమలాలి భాయ్?" అని అడిగింది. మా దగ్గర జవాబు లేదు. ఆ రోజు పనిచేసిన డాక్టరు గారిని కలిస్తే ఆయన దాచకుండా చెప్పారు: ఆ రెండింటిలో ఒకటి రూట్ కెనాల్ చేస్తే నిలిచేది. కానీ షామియానా కింద ఎక్స్‌రే లేదు, మళ్లీ రమ్మనే ఏర్పాటు లేదు, క్యాపుకు డబ్బు లేదు. ఉన్నవి మత్తు ఇంజెక్షను, పటకారు. అందుకని పీకారు.

డాక్టర్ల తప్పేమీ లేదు. మేం ఏం ఏర్పాటు చేస్తే వాళ్లు అదే చేశారు. పీకడం ఒక్కపూట పని, ఫొటోకు బాగుంటుంది, ఖర్చు తక్కువ. పన్ను నిలబెట్టాలంటే మూడు నాలుగు సార్లు రావాలి, ఖర్చు ఎన్నో రెట్లు ఎక్కువ, ఫొటోలో కనబడేది నోరు తెరిచి పడుకున్న మనిషి. అలా పేదవాడికి ఉచితంగా దొరికే వైద్యం పన్ను పోగొట్టుకోవడం ఒక్కటే అయింది.

పన్ను ఎలా పాడవుతుందో నాలుగు మాటలు చెబుతాం. పన్ను మీది ఎనామిల్ మన శరీరంలో అన్నిటికంటే గట్టి పదార్థం, ఎముక కంటే గట్టిది. కానీ విరిగిన ఎముక అతుక్కుంటుంది, ఎనామిల్‌లో గుంట పడితే మళ్లీ పూడదు. అందులో ప్రాణమున్న కణాలు లేవు. మనం తీపి తిన్నప్పుడల్లా పళ్ల మీది పాచిలో ఉండే సూక్ష్మజీవులు దాన్ని ఆమ్లంగా మారుస్తాయి. ఆ ఆమ్లం సుమారు అరగంట సేపు ఎనామిల్‌ను కరిగిస్తుంది. ఆ తర్వాత లాలాజలం నెమ్మదిగా సర్దుతుంది. అందువల్ల ఎంత తీపి తిన్నామన్న దానికంటే ఎన్నిసార్లు తిన్నామన్నది ముఖ్యం. పండుగ రోజు కడుపునిండా తిన్న షీర్ ఖుర్మా కంటే, దుకాణంలో కూర్చుని గంట గంటకూ తాగే చక్కెర టీ, దాంట్లో ముంచుకునే బిస్కెట్టు ఎక్కువ చేటు. ఈ మాట ఇక్కడ చాలామందికి రుచించదని తెలుసు. మాకూ రుచించలేదు.

ఆమ్లం ఎనామిల్ దాటి లోపలి పొరకు చేరితే చల్లనివి, తియ్యనివి తగిలినప్పుడు జివ్వుమంటుంది. మనిషి డాక్టరు దగ్గరికి వెళ్లాల్సింది అప్పుడే. ఆ దశలో పుచ్చిన భాగం తొలిచి సిమెంటు నింపితే ఒక్కపూటలో పని అయిపోతుంది. పిల్లలకు, ఒత్తిడి తక్కువ పడే చోట్లకు గ్లాస్ అయొనోమర్ అనే సిమెంటు సరిపోతుంది. అది పంటికి తనంతట తానే అతుక్కుంటుంది, కాస్త ఫ్లోరైడ్ కూడా విడుదల చేస్తుంది. కరెంటు, డ్రిల్లు లేని చోట చేతి పరికరాలతోనే పుచ్చు గీకి దాన్ని నింపవచ్చు. పంటి రంగులో కలిసిపోయే కాంపోజిట్ అయితే నీలిరంగు లైటు పెట్టి గట్టిపరుస్తారు. ఖర్చు ఎక్కువ, తడి తగలకుండా ఓపిగ్గా చేయాలి.

ఆ దశ దాటితే లోపలి నరానికి చేరుతుంది. రాత్రి పడుకుంటే సలుపు, చెవిదాకా పోటు. మనవాళ్లు లవంగం పెడతారు, కాసేపు తిమ్మిరెక్కి ఉపశమనం ఉంటుంది, తప్పులేదు. కొందరు నొప్పి మాత్రను చిగురు మీద పెట్టుకుంటారు. ఆస్పిరిన్ అలా పెడితే చిగురు కాలుతుంది. మెడికల్ షాపులో అడిగి వాడే యాంటీబయాటిక్ పుచ్చును బాగు చేయదు. ఇక అన్నిటికంటే మోసకారి మాట, "నొప్పి దానంతటదే తగ్గిపోయింది" అనేది. చాలాసార్లు తగ్గింది నొప్పి కాదు, లోపల నరం చచ్చిపోయింది. చీము వేరు కిందికి దిగుతుంది. కొన్నాళ్లకు దవడ వాస్తుంది.

నరం చెడిన పంటిని కూడా నిలబెట్టవచ్చు. పైనుంచి రంధ్రం చేసి, లోపలి నరాన్ని తీసేసి, వేళ్లలోని సన్నని దారులు శుభ్రం చేసి, గట్టాపర్చా అనే చెట్టుపాల పదార్థంతో మూసేస్తారు. రూట్ కెనాల్ అంటే ఇదే. కానీ దవడ పన్ను విషయంలో పని ఇక్కడితో అయిపోదు. మేం రెండోసారి దెబ్బతిన్నది ఇక్కడే. ఒక ఆటో డ్రైవర్ భాయ్‌కి సొసైటీ నుంచి రూట్ కెనాల్ ఖర్చు ఇచ్చాం. క్యాపు తర్వాత ఆయనే వేయించుకుంటాడులే అనుకున్నాం. నొప్పి లేదు కదా, ఆటో కిస్తీలు ఉన్నాయి, ఆయన వేయించుకోలేదు. ఏడాది తిరక్కముందే ఆ పన్ను నిలువునా చీలింది, పీకేశారు. తొలిచి బోలుచేసిన దవడ పన్ను నమిలే బరువును క్యాపు లేకుండా ఎక్కువకాలం మోయలేదు. మనం ఇచ్చిన డబ్బు, ఆయన పన్ను, రెండూ పోయాయి. లోహపు క్యాపు, లోహం మీద పింగాణీ, జిర్కోనియా అని రకాలున్నాయి. వెనక పంటికి కనిపించకపోయినా గట్టిగా ఉండే లోహపు క్యాపు చాలు. అందం కోసం మన నిధి ఖర్చు చేయనక్కర్లేదు.

అందం అన్నాం గనక ఇక్కడొకటి చెప్పాలి. ఒంగోలులో ఉన్న మనకు కనిగిరి, పొదిలి, దర్శి ప్రాంతాల నీళ్ల సంగతి కొత్తకాదు. 1937లోనే షార్ట్ అనే వైద్యుడు, ఆయన సహచరులు నాటి నెల్లూరు జిల్లాలోని ఈ ప్రాంతంలో ఫ్లోరోసిస్‌ను గుర్తించి రాశారు. తాగేనీటిలో లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములకు మించి ఫ్లోరైడ్ ఉంటే, దవడలో పళ్లు తయారయ్యే చిన్న వయసులోనే ఎనామిల్ దెబ్బతింటుంది. పళ్లు గోధుమరంగు చారలతో వస్తాయి. అటునుంచి వచ్చిన ఒక కుటుంబంలో అమ్మాయి ఇంటర్ చదువుతోంది, చేయి అడ్డంపెట్టుకోకుండా నవ్వదు. సంబంధం చూడ్డానికి వచ్చినవాళ్లు "పళ్లు తోముకోదా?" అన్నారట. తోముకుంటుంది, మనందరికంటే ఎక్కువగా, చిగుళ్లు అరిగేలా తోముకుంటుంది. ఆ మచ్చ లోపలిది, క్లీనింగ్‌తో పోదు. పైపొర పలచగా అరగదీసి, ముందు పళ్లకు కాంపోజిట్ పూత వేస్తే చాలావరకు కప్పవచ్చు. దీన్ని అలంకారం కింద తీసేయాలా, వైద్యం కింద లెక్కపెట్టాలా అని కార్యవర్గంలో చాలాసేపు వాదించుకున్నాం. మా మాట మాత్రం, అది వైద్యమే.

పోయిన పళ్ల విషయానికొస్తే మూడు దారులు. తీసిపెట్టుకునే కట్టుడు పళ్లు, పక్క పళ్లను అరగదీసి వాటి ఆధారంగా కట్టే బ్రిడ్జి, ఎముకలో టైటానియం మరను బిగించే ఇంప్లాంట్. ఇంప్లాంట్ 1965లో స్వీడన్‌లో బ్రానెమార్క్ మొదటిసారి మనిషికి అమర్చినది. మంచి వైద్యం. కానీ షుగర్ అదుపులో లేనివారికి, పొగ తాగేవారికి విఫలమయ్యే అవకాశం ఎక్కువ. ఇక్కడున్న పెద్దలు సొంతంగా చేయించుకునేట్టయితే, ఎముక నింపడానికి వాడే పొడి ఏ జంతువు నుంచి వచ్చిందో డాక్టరును ముందే అడగండి. కృత్రిమంగా తయారైనవి కూడా దొరుకుతాయి. మన నిధితో మాత్రం ఇంప్లాంట్లు పెట్టించలేం. ఒకరి ఇంప్లాంట్ ఖర్చుతో ఎంతోమంది పిల్లలకు సిమెంటు పెట్టించవచ్చు.

కట్టుడు పళ్లకు మీరు ఇదివరకు ధారాళంగా ఇచ్చారు. ఫలితం చెప్పాలి గదా. ఒక నానీ ఇంటికి వెళ్లి చూస్తే ఆమె పళ్లు బీరువాలో, డబ్బాలో భద్రంగా ఉన్నాయి. "పెళ్లిళ్లకు పెట్టుకుంటా బేటా, అన్నం తినేటప్పుడు తీసేస్తా" అంది. కింది చిగురు మీద ఒరుసుకుని పుండు పడింది, సరిచేయించుకోవడానికి మళ్లీ ఎక్కడికి వెళ్లాలో ఎవరూ చెప్పలేదు. కట్టుడు పళ్లు ఇచ్చిన రోజు పని సగమే అయినట్టు. మొదటి నెలలో రెండు మూడుసార్లు సరిచేయాలి. పళ్లు లేని దవడ ఎముక ఏళ్ల తరబడి కరుగుతూనే ఉంటుంది గనక కొన్నేళ్లకు లోపలి భాగం మళ్లీ నింపించాలి. రాత్రి తీసి నీళ్లలో ఉంచాలి, వేడినీళ్లలో కాదు.

ఇప్పుడు మేం మార్చుకున్న పద్ధతి. పీకుడు శిబిరాలు ఆపేశాం. మదరసాలకు, మన పేటల్లోని బడులకు వెళ్లి ఆరేళ్లు నిండిన పిల్లల నోళ్లు చూయిస్తున్నాం. ఆరేళ్లకు పాలపళ్ల వెనక ఒక దవడ పన్ను వస్తుంది. ఏ పన్నూ ఊడకుండా వస్తుంది గనక అదీ పాలపన్నే అనుకుంటారు తల్లులు. అది జీవితాంతం ఉండాల్సిన పన్ను, అన్నిటికంటే ముందు పుచ్చేదీ అదే. దాని గుంటల్ని సీలెంటుతో మూయడం, పుచ్చినదాన్ని వెంటనే నింపడం చేయిస్తున్నాం. పాలపళ్లు మరీ పుచ్చిన చోట సిల్వర్ డయామిన్ ఫ్లోరైడ్ అనే మందు పూస్తే పుచ్చు చాలావరకు ఆగుతుంది. ఆ చోటు నల్లబడుతుందని తల్లిదండ్రులకు ముందే చెప్పి ఒప్పించి పూయిస్తున్నాం.

పెద్దవాళ్ల రూట్ కెనాళ్లకు దంత వైద్య కళాశాలలే దిక్కు. విజయవాడలో ప్రభుత్వ కళాశాల ఉంది. ప్రైవేటు కళాశాలల్లో కూడా విద్యార్థులకు పని నేర్పాలి గనక బయటికంటే తక్కువ ఖర్చుతో చేస్తారు, పైన ప్రొఫెసర్లు చూసుకుంటారు. సమస్య బస్సు ఛార్జీ, మూడు నాలుగు రోజుల కూలీ నష్టం. అందుకే మిమ్మల్ని అడిగేది వైద్యం ఖర్చు ఒక్కటే కాదు. దారి ఖర్చు, తోడు వెళ్లే కార్యకర్త ఖర్చు, చివరికి క్యాపు ఖర్చు. క్యాపుకు డబ్బు పక్కన పెట్టనిదే ఎవరికీ రూట్ కెనాల్ మొదలుపెట్టించకూడదని తీర్మానం చేసుకున్నాం.

రమజాన్ నెలలో చాలామంది నొప్పి భరిస్తూ కూర్చుంటారు, ఉపవాసం భంగమవుతుందని. 1997లో జిద్దాలో సమావేశమైన అంతర్జాతీయ ఇస్లామిక్ ఫిఖ్ అకాడమీ, గొంతులోకి ఏమీ మింగకుండా ఉంటే పన్ను తొలచడం, పీకడం, శుభ్రం చేయడం వంటివి ఉపవాసాన్ని భంగం చేయవని తీర్మానించింది. అయినా సందేహం ఉంటే మీ ఇమామ్ సాహెబ్‌ను అడగండి, లేదా ఇఫ్తార్ తర్వాత వెళ్లండి. ఈద్ దాకా మాత్రం ఆగకండి. మిస్వాక్ వాడేవారు తప్పకుండా వాడండి. పీలూ పుల్లయినా, మన వేపపుల్లయినా నమిలి కుంచెలా చేసి చిగురు నుంచి పంటి వైపుకు తోమితే పాచి పోతుంది. రాత్రి పడుకునే ముందు మాత్రం ఫ్లోరైడ్ పేస్టుతో ఒకసారి తోమి, నురగ ఉమ్మేసి, నోరు పుక్కిలించకుండా పడుకోండి. ఫ్లోరైడ్ నీళ్లు తాగే ఊళ్లవాళ్లు పసిపిల్లల పేస్టు విషయం డాక్టరును అడగాలి. మిగతా చోట్ల మూడేళ్లలోపు వారికి బియ్యపు గింజంత చాలు.

వసూళ్ల విషయం. జకాత్ సొమ్మును అర్హులైన రోగుల వైద్యానికే, వారి పేరున రాసి, వేరుగా ఉంచుతున్నాం. ఎక్స్‌రే యంత్రం, కుర్చీ, కార్యకర్త జీతం సాధారణ విరాళాల నుంచే. అందుకే బయట బల్ల మీద రెండు రసీదు పుస్తకాలు పెట్టాం, పచ్చది జకాత్‌కు, తెల్లది మిగతా విరాళాలకు. దయచేసి ఏది ఎందుకో చెప్పి ఇవ్వండి. మిషను కుట్టే ఆపా పేరు పచ్చ పుస్తకం జాబితాలో మొదట ఉంది. ఎడమవైపు పన్ను ఇంకా నిలబెట్టవచ్చని ఎక్స్‌రే చూసి చెప్పారు.

చివరగా, భోజనాల దగ్గర ఈసారి సోంపు మాత్రమే ఉంటుంది, సుపారీ ఉండదు. పొగాకు కలపని వక్క అయినా ఏళ్ల తరబడి నమిలితే నోటి లోపలి చర్మం బిగుసుకుపోతుంది. మూడు వేళ్లు నిలువుగా నోట్లో పట్టనివారు డాక్టరుకు చూపించుకోవాలి. వంటవాళ్లను అడిగినా లాభం లేదు, మేమే వద్దన్నాం.