బొంత కుట్టడం తీరిక పని కాదు

(బోరంచలో మహిళా సంఘాల సభ్యుల ముందు చేసిన ప్రసంగ పాఠం)



బొంత గురించి మాట్లాడడానికి పట్నం నుంచి ఒక మనిషి రావాలా అని మీలో కొందరు నవ్వుకుంటూ ఉండొచ్చు. ఆ నవ్వు న్యాయమైనదే. బొంత ఎట్లా కుట్టాలో మీకు చెప్పేంత విద్య నా దగ్గర లేదు. నేను స్త్రీల శ్రమ మీద పరిశోధన చేసేదాన్ని. మీరు చేసే ఈ పనికి ప్రభుత్వ లెక్కల్లో ఏ పేరు పెట్టారు, బజారులో ఏ ధర కడుతున్నారు, మన ఇళ్ళల్లో ఏ విలువ ఇస్తున్నారు అన్నవే ఇవాళ మీతో పంచుకోవాలనుకున్నాను.

మొదట ఒక మాట గురించి చెప్పాలి. ఏ పార్టీకీ మెజారిటీ రాక నాలుగైదు పార్టీలు కలిసి ప్రభుత్వం పెడితే, తెలుగు పత్రికలు దాన్ని 'అతుకుల బొంత' అంటాయి. 1990లలో కేంద్రంలో సంకీర్ణ ప్రభుత్వాలు వరసగా వచ్చినప్పుడు ఈ మాట తరచుగా వినపడేది. బలం లేనిది, పొందిక లేనిది, రేపో మాపో చినిగిపోయేది అని దాని అర్థం. ఈ మాట వాడేవాళ్ళు బొంత కప్పుకుని ఉంటారు గానీ కుట్టి ఉండరు. ఒంటి పొర పాతచీర పట్టి లాగితే చినుగుతుంది. అవే చీరలు నాలుగైదు పొరలు పరిచి, దగ్గర దగ్గరగా కుట్టు వేస్తే ఏళ్ళ తరబడి చినగదు. బొంతకు బలం వచ్చేదే అతుకు వల్ల, కుట్టు వల్ల. స్త్రీల చేతిపనిలోని బలం భాషలోకి వచ్చేసరికి బలహీనతకు గుర్తుగా ఎట్లా మారిందో చూడండి. పితృస్వామ్యం చట్టాల్లోనే కాదు, సామెతల్లో, పోలికల్లో కూడా పని చేస్తుంది.

బొంత పనిలో ఎంత తెలివి ఉందో ఒక్కసారి వరస పెట్టి చూద్దాం. ఏ బట్ట పైకి రావాలి, ఏది లోపలికి పోవాలి అన్నది మొదటి నిర్ణయం. బలమైన చీర అడుగుకూ పైకీ, పీలికలైన ధోతి, చొక్కా, లంగా మధ్యకూ పోతాయి. నేల మీద పరిచి, మూలలు కదలకుండా బరువు పెట్టి, ముడతలు తీసి, పెద్ద టాకాలు వేసుకోవాలి. ఆ తరువాతే అసలు కుట్టు. పొరలన్నీ దాటి సూది కిందికి పోయి, మళ్ళీ అదే వరసలో పైకి రావాలి. ఎక్కడైనా దారం బిగిస్తే బొంత ముడుచుకుంటుంది. వదులుగా వదిలితే లోపలి బట్ట ఉండ కడుతుంది. పసిబిడ్డకు కుట్టే బొంతకు బాగా నలిగిన నూలు చీరే కావాలి, కొత్త బట్ట ఒరుసుకుంటుంది. ఇప్పుడు పాతబట్టల్లో నూలు తగ్గి పాలిస్టర్ పెరిగింది. అది సూది కింద జారుతుంది, చెమట పీల్చదు. నూలును లోపలా బయటా ఎక్కడ వాడాలి, పాలిస్టర్‌ను ఎట్లా లొంగదీయాలి అన్నది కూడా మీరే తేల్చుకున్నారు. మెత్తల సంగతీ అంతే. బూరుగు దూది ఎంత కూరితే మెడకు సుఖమో, ఎంత కూరితే రాయి అవుతుందో తెలిసింది చేతికే. ఏ పాలిటెక్నిక్‌లోనూ ఇది చెప్పరు. అమ్మ పక్కన, అత్త పక్కన కూర్చుని నేర్చుకున్నది కాబట్టి దీన్ని ఎవరూ చదువు అనరు.

ఈ విద్య మీ ఒక్క ఊరిది కాదు. నారాయణఖేడ్ తాలూకా 1956 దాకా హైదరాబాద్ రాష్ట్రంలోని బీదర్ జిల్లాలో ఉండేది. రాష్ట్రాల పునర్విభజనలో మెదక్ జిల్లాకు వచ్చింది, 2016లో సంగారెడ్డి జిల్లాకు చేరింది. పటాల మీద గీతలు మారినా మీ మాటల్లో కన్నడం, మరాఠీ, లంబాడీ ఇప్పటికీ కలిసే ఉన్నాయి. మనం బొంత అన్నదాన్ని కన్నడంలో కౌది అంటారు, మరాఠీలో గోధడి అంటారు. ఉత్తర కన్నడ జిల్లాలో ఆఫ్రికా మూలాలున్న సిద్ది స్త్రీలు రంగురంగుల ముక్కలతో కవంది కుడతారు. బెంగాల్‌లో కాంథా ఉంది. ఎక్కడ చూసినా పాతబట్టే, చేతికుట్టే, కుట్టేది ఎక్కువగా ఆడవాళ్ళే. చెరుకు కొట్టడానికి, పట్నంలో ఇటుక మోయడానికి వలస పోయే కుటుంబం మూటలో మొదట పడేది బొంతే. నేల మీద పరిస్తే పరుపు, చలికి దుప్పటి, పిల్లకు ఊయల. ఆ కుటుంబానికి ఇల్లు అంటే చాలా రాత్రులు అదే.

మరి ఈ పనిని ప్రభుత్వం ఏమని రాసుకుంటుంది? ఉపాధి, నిరుద్యోగం మీద జాతీయ నమూనా సర్వే జరిగినప్పుడల్లా ప్రతి మనిషికీ ఒక సంకేత సంఖ్య వేస్తారు. ఇంటి పని మాత్రమే చేసే వాళ్ళకు 92. ఇంటి పనితో పాటు ఇంటి వాడకం కోసం కట్టెలు, కూరగాయలు, పశువుల మేత తెచ్చే వాళ్ళకు, కుట్టుపని, నేత లాంటివి చేసే వాళ్ళకు 93. కుట్టుపని అనే మాట అందులోనే ఉంది. అంటే మీరు కుడుతున్నారని సర్కారుకు తెలుసు. తెలిసి కూడా 92నూ, 93నూ రెండింటినీ శ్రామిక శక్తికి బయటే ఉంచుతారు. ఇప్పటి శ్రామిక శక్తి సర్వేలోనూ ఈ సంఖ్యలు కొనసాగుతున్నాయి. కాబట్టి ఒక స్త్రీ పొద్దున చేన్లో కలుపు తీసి, మధ్యాహ్నం కట్టెలు తెచ్చి, సాయంత్రం బొంత కుట్టినా, సర్వే చేసే మనిషి 'ఏం పని చేస్తవమ్మా' అంటే ఆమె 'ఏం లేదు, ఇంట్లనే ఉంట' అంటుంది. అతను 93 వేసుకుని పోతాడు. ఆ జవాబు ఆమెకు ఎవరు నేర్పారు?

2013లో జెనీవాలో జరిగిన అంతర్జాతీయ కార్మిక గణాంకవేత్తల సమావేశం, సొంత ఇంటి వాడకం కోసం వస్తువులు తయారుచేయడం, సేవలు చేయడం కూడా 'పని'యే అని ఒప్పుకుంది. అయితే దాన్ని 'ఉపాధి'లో చేర్చలేదు. మన దేశంలో 2019లో జరిగిన కాలవినియోగ సర్వే ప్రకారం జీతం లేని ఇంటి పనుల్లో స్త్రీలు రోజుకు సగటున 299 నిమిషాలు గడుపుతుంటే, ఆ పనుల్లో పాల్గొనే మగవాళ్ళు 97 నిమిషాలు గడుపుతున్నారు. 2024 సర్వేలో అవి 289, 88 అయ్యాయి. ఇద్దరి లెక్కా కొంత తగ్గింది గానీ మధ్యలో ఉన్న దూరం అట్లాగే ఉంది. దాదాపు అయిదు గంటల ఇంటి పని తరువాత మిగిలే కాసేపట్లో కుట్టేదే బొంత. దానికి 'తీరిక పని' అని పేరు.

ఇక పంచుకోవడం గురించి. 'ఆడవాళ్ళు కలిసి కూర్చుని కుట్టుకుంటే ఎంత అందంగా ఉంటుంది' అని బయటివాళ్ళు మురిసిపోతారు. మీ దగ్గర కలిసి కుట్టడం వెనక ఒక గట్టి లెక్క ఉంది. ఇయ్యాల నీ బొంతకు నేను చెయ్యి వేస్తే రేపు నా బొంతకు నువ్వు రావాలె. చేన్లో బదులు పోయినట్టే ఇదీ బదులు. ఎవరు ఎన్నిసార్లు వచ్చారో కాగితం మీద రాయకపోయినా అందరికీ గుర్తుంటుంది. ఒకామె ఎప్పుడూ కుట్టించుకుని ఎప్పుడూ కుట్టకపోతే ఊరుకోరు. పురుడొచ్చిన ఇంటికి, కష్టంలో ఉన్న ఇంటికి మాత్రం లెక్క మాఫీ. శ్రమకు శ్రమే బదులు అన్న ఈ పద్ధతిలో దోపిడీ చేయడం కష్టం, ఎందుకంటే ఇచ్చేవాళ్ళూ పుచ్చుకునేవాళ్ళూ ఒకే నేల మీద కూర్చుంటారు. ఈ పద్ధతిని పొగుడుతూనే ఇంకో మాట కూడా అడగాలి. ఒకే బొంత చుట్టూ ఏయే కులాల వాళ్ళు కూర్చుంటున్నారు? ఎవరి బొంతకు ఎవరు చెయ్యి వేయరు? ఆ ప్రశ్న తప్పించుకుంటే మన పంచుకోవడం సగమే.

ఈ బదులు పని బజారులో పడినప్పుడు ఏమవుతుందో మన తెలుగు నేల మీదే ఉదాహరణ ఉంది. పశ్చిమ గోదావరి జిల్లా నర్సాపురం ప్రాంతంలో స్త్రీలు క్రోషే సూదితో లేసు అల్లుతారు. 19వ శతాబ్దంలో క్రైస్తవ మిషనరీల ద్వారా వచ్చిన ఈ పని విదేశాలకు ఎగుమతి అయ్యే వ్యాపారంగా పెరిగింది. జర్మన్ సమాజశాస్త్రవేత్త మరియా మీస్ అక్కడి స్త్రీలను కలిసి చేసిన అధ్యయనం 1982లో పుస్తకంగా వచ్చింది. ఆమె తేల్చినది ఇది: ఇంట్లో కూర్చుని చేస్తున్నారు కాబట్టి వీళ్ళు కార్మికులు కారు, గృహిణులు, తీరిక వేళల్లో చేతులు ఆడిస్తున్నారు అన్న భావన వల్లే కూలి అంత తక్కువగా ఉండగలిగింది, వ్యాపారుల లాభం అంతగా పెరగగలిగింది. గంటల తరబడి ప్రపంచ మార్కెట్టు కోసం పనిచేసే మనిషి కూడా 'ఇంట్లనే ఉంట' అనాల్సి వచ్చింది. మీరు సర్వే మనిషికి చెప్పే జవాబే అది.

ఇంకో ఉదాహరణ బొంతదే. అమెరికాలోని అలబామా రాష్ట్రంలో పత్తి చేన్లలో పనిచేసిన నల్లజాతి స్త్రీలు పాత పనిబట్టలతో బొంతలు కుట్టుకునేవారు. ఓటు హక్కు కోసం పేరు రాయించుకున్నారని కొన్ని కుటుంబాలను భూస్వాములు ఇళ్ళల్లోంచి వెళ్ళగొట్టారు. ఆ పోరాట కాలంలోనే, 1966లో, వాళ్ళు 'ఫ్రీడం క్విల్టింగ్ బీ' అనే సహకార సంఘం పెట్టుకుని బొంతలు అమ్మడం మొదలుపెట్టారు. భూమి కొని కుట్టు కేంద్రం కట్టుకున్నారు, వెళ్ళగొట్టబడిన కుటుంబాలకు అందులో స్థలాలు ఇచ్చారు. 1972లో సియర్స్ అనే పెద్ద దుకాణాల కంపెనీకి మెత్తల గలీబులు కుట్టే ఒప్పందం చేసుకున్నారు. ఆ ప్రాంతంలోనే ఉన్న జీస్ బెండ్ ఊరి బొంతలను 2002లో పెద్ద మ్యూజియంలు గోడలకు వేలాడదీసి గొప్ప కళ అన్నాయి. 2006లో తపాలా బిళ్ళల మీద కూడా వేశారు. అయినా 2007లో కొందరు కుట్టిన స్త్రీలు తమ వాటా కోసం కోర్టుకు వెళ్ళవలసి వచ్చింది. కళ అని పేరు వచ్చినంత మాత్రాన కూలి దానంతట అది రాదు. భూమి సంఘానిదై, ఒప్పందం సంఘానిదై ఉన్నప్పుడు మాత్రం వాళ్ళ మాట చెల్లింది.

ఇప్పుడు బజారు మన బొంత వైపు కూడా చూస్తోంది. పట్నం దుకాణాల్లో ముక్కల దుప్పట్లు, చేతికుట్టు మెత్తలు 'హ్యాండ్‌మేడ్' అన్న చీటీతో అమ్ముతున్నారు. రేపు మీ ఊరికి కూడా ఎవరైనా రావొచ్చు, 'ఖాళీగా ఉంటరు గద, కుట్టి ఇయ్యుండ్రి' అనొచ్చు. ఆ మాట విన్నప్పుడు చేయవలసిన లెక్క ఒకటి చెబుతాను. ఒక బొంతకు రోజుకు 4 గంటల చొప్పున 10 రోజులు పట్టిందనుకుందాం. మొత్తం 40 గంటలు, అంటే 8 గంటల పనిదినాలు 5. 2024-25లో ఉపాధి హామీ కింద తెలంగాణకు ప్రకటించిన కూలి రోజుకు 300 రూపాయలు. ఆ లెక్కన మట్టి తవ్వే కూలి కట్టినా 1,500 రూపాయలు చేతికి రావాలి. దారం, బట్ట, కరెంటు వేరు. పాతబట్ట ఊరికే వచ్చిందని అనకండి, ఆ చీర వేస్తే స్టీలు గిన్నె వచ్చేది. మీ చేతి నేర్పుకు ఇంకా ధర కట్టనే లేదు. వచ్చిన మనిషి బొంతకు 400 అంటే, మిగతా 1,100 రూపాయలు మీరే అతనికి ఇస్తున్నట్టు. 2024లో బడి పిల్లల యూనిఫారాల కుట్టు పని రాష్ట్రంలో మహిళా సంఘాలకు అప్పగించారు. మంచిదే. అక్కడా జతకు ఎంత అన్నదాంతో పాటు జతకు ఎన్ని గంటలు అన్నది అడగండి.

ఇంటి నుంచి పనిచేసే వాళ్ళు కార్మికులే అని చెప్పే అంతర్జాతీయ ఒడంబడిక 1996లోనే వచ్చింది. అంతర్జాతీయ కార్మిక సంస్థ చేసిన 177వ ఒడంబడిక అది. భారతదేశం దాన్ని ఆమోదించలేదు. అయితే మన దేశంలో 2008 నాటి అసంఘటిత కార్మికుల సామాజిక భద్రతా చట్టం ఇంటి ఆధారిత కార్మికులకు నిర్వచనం ఇచ్చింది, 2020 సామాజిక భద్రతా స్మృతిలోనూ అది ఉంది. అంటే మరొకరి కోసం కూలికి ఇంట్లో కూర్చుని బొంత కుట్టే స్త్రీ చట్టం దృష్టిలో కార్మికురాలు. ఆ పేరు మనం వాడితేనే దానికి ప్రాణం వస్తుంది.

అందుకని సంఘంలో చర్చించడానికి మూడు పనులు మీ ముందు పెడుతున్నాను. ఒకటి, ఈ ఏడాది కుట్టే ప్రతి బొంతకూ ఎన్ని గంటలు పట్టాయో సంఘం పుస్తకంలో రాయండి. పొదుపు లెక్క రాసే చేతికి ఇది కష్టం కాదు. రెండు, అమ్మితే సంఘంగా అమ్మండి, ధర సంఘం చెప్పాలి. ఒక్కొక్కరి ఇంటికి వచ్చి బేరం చేయనివ్వకండి. మూడు, బొంత పంచుకున్నప్పుడు పనిని కూడా పంచండి. సూదికి ఆడ మగ తేడా తెలియదు, దర్జీలలో మగవాళ్ళు ఎంతమంది లేరు? కూలి వచ్చే కుట్టు మగవాడి చేతిలో, కూలి రాని కుట్టు ఆడదాని ఒడిలో ఉండడం ప్రకృతి ధర్మమేమీ కాదు. కొడుక్కు కూడా సూది ఇవ్వండి.

బదులు పద్ధతిని మాత్రం వదలకండి. మీలో మీరు శ్రమ పంచుకోవడం మీ బలం. లాభం చేసుకునే వాడికి అదే శ్రమను ఊరికే ఇవ్వడం పంచుకోవడం కాదు, పోగొట్టుకోవడం. ఈ తేడా మనసులో పెట్టుకుంటే చాలు. ఈసారి సర్వే మనిషి వచ్చి ఏం పని చేస్తవమ్మా అని అడిగితే, చేను పని, ఇంటి పని, కుట్టుపని అని మూడూ చెప్పండి. అతని కాగితంలో గడి లేకపోతే, గడి ఎందుకు లేదని అడగండి.

ఇక మీరు మాట్లాడండి, నేను వింటాను.