వ్యాజ్యముల వ్యసనము



వ్యాజ్యమున ఓడినవాడు కచేరీలో ఏడ్చును, గెలిచినవాడు ఇంటికి వచ్చి ఏడ్చునని మనవారి సామెత. ఒక్క వ్యాజ్యమునకే గతి యిట్లుండగా, ఓడిన దావానే పేరు మార్చి మరల మరల వేయుచు ఎదిరిపక్షమును, సాక్షులను కచేరీల చుట్టు త్రిప్పువానిని ఏమి చేయవలయును?

ఇంగ్లండు దేశమున ఇందులకు 1896లో ఒక శాసనము పుట్టెను. పనివారి తగవులు విచారించు ట్రిబ్యునళ్ల విషయమున గూడ అచ్చట 1996 నాటి చట్టమున ఇట్టి కట్టుబాటు కలదు. మన దక్షిణదేశమున మదరాసు రాష్ట్రము 1949లో ఇట్టి చట్టము చేసెను. దాని పద్ధతి యిది. అడ్వొకేటు జనరలు హైకోర్టునకు మనవి చేయవలెను. ఆ మనుష్యుడు సరియైన హేతువు లేక, అలవాటుగా, పీడించు వ్యాజ్యములు వేయుచున్నాడని హైకోర్టునకు తోచవలెను. అతని మాట వినవలెను. అతడు బీదయైనచో అతని పక్షమున వకీలును హైకోర్టే నియమింపవచ్చును. పిమ్మటనే ఉత్తరువు. అప్పుడైనను తలుపు మూయబడదు; క్రొత్త వ్యాజ్యమునకు ముందుగా అనుమతి పొందవలెను, అంతియే.

ఈ చట్టము 1965లో సుప్రీంకోర్టు ఎదుటికి వచ్చెను. తెలంగాణ ప్రాంతపు వ్యాజ్యగాని నొకనిని ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఈ చట్టము క్రింద కట్టడి చేసియుండెను. చట్టము రాజ్యాంగసమ్మతమే యని సుప్రీంకోర్టు తేల్చెను. కాని పూర్వపు హైదరాబాదు సంస్థాన భూభాగమునకు ఆ మదరాసు చట్టమును శాసనముద్వారా విస్తరింపజేయనందున, ఆ ఉత్తరువు చెల్లదని అధికసంఖ్యాక న్యాయాధిపతులు తీర్పు చెప్పిరి. మన జహీరాబాదును 1956కు ముందు ఆ సంస్థాన భూభాగమున బీదరు జిల్లాలోనిదే గదా! విసిగించు మనుష్యుడైనను, చట్టము లేక అతనికి న్యాయస్థానపు గడప అడ్డగింపరాదని దీని తాత్పర్యము.

ఈ జాగ్రత్త పనివారి విషయమున మరింత అవసరము. కర్మాగారమునుండి తొలగింపబడిన ఒంటరి కార్మికుని తగవు, సంఘమో తోటివారో చేపట్టినగాని, 1965కు ముందు సాధారణముగ పారిశ్రామిక వివాదముగ ఎంచబడెడిది కాదు. ఆ ఏట కేంద్రచట్టము సవరింపబడెను. అతడు తానే నేరుగా లేబరు కోర్టుకు పోవు వీలు ఆంధ్రప్రదేశమున 1987 నాటి సవరణవలన కలిగెను. ఇంత ఆలస్యముగ తెరచిన తలుపును, ఎవడో ఒక వ్యాజ్యవ్యసనిపై కోపముతో, అందరికిని బిగింపదగునా? ఒకసారి ఓడుట నేరము కాదు. పదిమారులు అడిగినవాడెల్ల మొండివాడును కాడు. తీరిన తగవును తీరనట్లు నటించి పరులను పీడించువాడే దోషి.

కావున పెద్దలారా! జీతము రాలేదనియో, పని పోయినదనియో ఒకడు మీ రచ్చకట్టకు వచ్చినప్పుడు మూడు ప్రశ్నలు వేయుడు: ఈ తగవు ఇదివరకే తీరినదా? చేతిలో కాగితములున్నవా? కోరునది తన బాకీయా, ఎదుటివాని చేటా? మూడింటికిని మంచి జవాబు చెప్పినవానిని మీరే వెంట నిలిచి న్యాయస్థానమునకు పంపుడు. చెప్పలేనివానిని ఇంటివద్దనే ఆపుడు. ఆ మాట వాని పొలమును, పొరుగువాని నిద్రను గూడ కాపాడును.