ఉప్పాడ మగ్గముపై తిరుగుబాటు

ఫాషను అనగా నిన్నటి దానిని నేడు పాతదనిపించు విద్యయని మనలో పలువురి తలంపు. ఆ వృత్తియందే యుండి, దాని తొందరను ధిక్కరించిన యొక రూపశిల్పిని గూర్చి నేడు ముచ్చటింపదలచితిని. ఆయన హైదరాబాదు నివాసి గౌరంగ్ షా. వస్త్రరూపకల్పనను ఏ కళాశాలయందును అభ్యసింపలేదు. ఆయన పనిలో మన గోదావరి సీమకును భాగము కలదు.

కాకినాడకు ఉత్తరమున, సముద్రపుటొడ్డున ఉప్పాడ యున్నది. అచ్చటివారు జాందానీ నేయుదురు. పడుగు పోగులను లెక్కించి, పేకతోపాటు వేరొక దారమును వ్రేళ్లతో జొనిపి, పువ్వును నేతలోనే పుట్టింతురు. అది అద్దకమును కాదు, కుట్టుపనియు కాదు. ఒక్కొక్క చీరకు నెలలు పట్టుటయు కలదు. క్షీణించిన ఈ విద్యను 1980 దశకము చివర ఘనశ్యామ్ సరోడే యను మరియొక రూపశిల్పి ప్రోత్సహించి నిలిపెను. 2009లో దీనికి భౌగోళిక గుర్తింపు లభించినది.

గౌరంగ్ షా తిరుగుబాటు రెండు విధములు. మరమగ్గమును ఆయన దరిజేరనీయలేదు. చేనేతను పాత అచ్చులోనే యుంచుటకును ఒప్పుకొనలేదు. చిన్న బుటాలకు బదులు చీర నిండ పెద్ద పువ్వులను, పక్షులను నేయించెను. ఒక ప్రాంతపు అంచును వేరొక ప్రాంతపు నేతతో కలిపెను. ఆ చీరలనే ముంబయి ఫాషను వేదికల కెక్కించెను. 2018లో వెలువడిన 'మహానటి' చిత్రపు వస్త్రాలంకరణకు మరి యిద్దరితో కలిసి జాతీయ పురస్కారము నందెను.

అయినను నా మనస్సున నొక చింత కలదు. ఒక పట్టణపు దుకాణమున ఉప్పాడ చీరయని నే నొకటి కొంటిని. ఇంటికి వచ్చి తిరుగవేసి చూచితిని గదా, వెనుకవైపున నంతయు కత్తిరించిన పోగులే! అది మరమగ్గపు నేత. జాందానీ పువ్వు ఇరువైపులను ఇంచుమించు ఒక్క తీరుననే కనబడును. తరువాత ఉప్పాడకు బోయి యొక నేతగాని కీ మాట చెప్పితిని. ఆయన చేయి యాపకయే, "అలాంటివి మా ధరలో నాలుగో వంతుకే అమ్ముతారండి. మా అబ్బాయి కాకినాడలో ఉద్యోగం చూసుకున్నాడు. ఈ మగ్గం నాతోనే సరి" అనెను.

రూపశిల్పి యెంతటివాడైనను కొన్ని మగ్గములకే పని కల్పింపగలడు. తక్కిన మగ్గముల బ్రతుకు కొనువారి చేతిలో నున్నది. కావున శ్రోతలారా, ఉప్పాడ చీరను కొనునపుడు ఒక్కమారు తిరుగవేసి చూడుడు. ఆ పాటి శ్రమ మనము పడినచో, ఆ నేతగాని కుమారుడు మగ్గమువైపు మరల చూచునేమో.