ప్రకటన వెనుక అమ్మాయి



టీవీలో ఓ సబ్బు ప్రకటన వస్తుంది. నిమిషమైనా వుండదు. "అమ్మా, ఆ చివరి మాట నేను రాసిందే" అని మీ అమ్మాయి చెబితే ఎంత పొంగిపోతారు! పక్కింటావిడను పిలిచి మరీ చూపిస్తారు. ఆ ఒక్క మాట కోసం పిల్ల ఎన్ని రాత్రులు ఇంటికి రాలేదో మాత్రం ఆవిడతో చెప్పుకోరు.

ప్రకటనలు తయారుచేసే కంపెనీల్లో ఓ చిక్కుంది. జాకెట్టు కుట్టే మనిషికి ఆఖరి హుక్కు కుడితే పని అయిపోయినట్టే. వంటకైనా స్టవ్వు ఆర్పే వేళ వొకటుంటుంది. బొమ్మకీ మాటకీ ఆ హద్దు లేదు. "ఇంకాస్త బాగుండాలి" అని పై అధికారి అంటే, కాదనడానికి కొలత ఏదీ? క్లయింటు సాయంత్రం ఆరింటికి మనసు మార్చుకుంటాడు, తెల్లారేసరికి కొత్తది కావాలంటాడు. కష్టమంటే "నీకు పనిమీద ప్రేమ లేదు" అనేస్తారు. మనిషి నోరు నొక్కడానికి ఇంతకన్నా తేలికైన మాట నాకు తెలిసి మరొకటి లేదు.

ఇది ఎంతదాకా పోతుందో జపానులో జరిగినదాన్ని బట్టి చెబుతాను. అక్కడ అన్నిటికన్నా పెద్ద ప్రకటనల సంస్థ డెంట్సు. 1951లో దాని అధ్యక్షుడు ఉద్యోగులకు పది సూత్రాలు రాసిపెట్టాడు. పట్టిన పనిని చంపినా వదలొద్దన్నది వాటిలో వొకటి. తకహాషి మత్సురి అనే అమ్మాయి 2015 ఏప్రిల్‌లో అక్కడ చేరింది. తల్లి వొంటిచేత్తో పెంచిన పిల్ల, టోక్యో విశ్వవిద్యాలయంలో చదువుకున్నది. కళ్ళెర్రబడినా, జుట్టు చెదిరినా పై అధికారి తప్పుపట్టేవాడని ఆమే రాసుకుంది. ఆడతనం లేదన్న ఎత్తిపొడుపు వొకటి! రాత్రంతా పని చేయించి, పొద్దున్నే ముఖం కళగా లేదనడం ఏం న్యాయమండీ? ఆ డిసెంబరు 25న ఆమె ప్రాణం తీసుకుంది. వయసు 24.

మరుసటేడు సెప్టెంబరులో, పనిభారం వల్ల కలిగిన మరణమేనని అక్కడి ప్రభుత్వ కార్మిక కార్యాలయం తేల్చింది. ఒక్క నెలలో అదనపు పని సుమారు 105 గంటలు. పట్టీలో ఆమె చూపించిందేమో 70కి లోపే, ఎందుకంటే సంస్థ పెట్టుకున్న పరిమితి అంతే మరి. ఆ తరువాత రాత్రి పదింటికల్లా ఆఫీసులో దీపాలు ఆర్పడం మొదలుపెట్టారు. అధ్యక్షుడు పదవి వదిలాడు. డైరీలోంచి పది సూత్రాలూ తీసేశారు. 2017లో కోర్టు వేసిన జరిమానా 5 లక్షల యెన్లు. అంత సంస్థకి అది ఏ మూలకి లెండి!

అదే సంస్థలో 1991లో 24 ఏళ్ళ యువకుడొకడు ఇలాగే పోయాడు. అమ్మానాన్నల దగ్గరే వుండేవాడు. వాళ్ళు దావా వేస్తే, కుర్రవాడిది మరీ నిష్ఠగా పనిచేసే స్వభావమనీ, కళ్ళెదుట కొడుకు అవస్థ చూస్తూ తల్లిదండ్రులు ఆపలేదనీ హైకోర్టు పరిహారంలో 30 శాతం కోత పెట్టింది. "తల్లి కనిపెట్టుకోవద్దూ" అని మన దగ్గరా అంటారే, సరిగ్గా అదే ధోరణి. 2000 మార్చిలో సుప్రీంకోర్టు ఆ కోత చెల్లదంది. కొడుకు పనివేళలు మార్చడం ఇంట్లోవాళ్ళ చేతిలో పని కాదంది. ఆ తీర్పు తలుచుకుంటే నాకెంతో వూరట.

అయినా ఇంట్లో మనం చేయగలిగింది కొంత లేకపోలేదు. "కొత్తలో అంతేనే, సర్దుకో" అనే మాటను కాస్త వెనక్కి పెట్టండి. అమ్మాయి పట్ల అసభ్యంగా మాట్లాడినా ప్రవర్తించినా, మన దేశంలో 2013 నాటి చట్టం వుంది. పదిమంది, ఆ పైన పనిచేసేచోట ఫిర్యాదులు వినడానికి కమిటీ వుండి తీరాలి. జరిగిన మూడు నెలల్లోగా ఫిర్యాదు రాసి ఇవ్వాలి. "రేపు చూద్దాంలే" అంటూ వుంటే ఆ మూడు నెలలూ ఇట్టే గడిచిపోతాయి.

ఇంకొకటి. పాల లెక్క రాసుకునే క్యాలెండరు మీ వంటింట్లో వుండే వుంటుంది. అమ్మాయి ఎన్నింటికి వెళ్ళిందో, ఎన్నింటికి వచ్చిందో ఆ గళ్ళలోనే రాయించండి. తకహాషి విషయంలో అసలు గంటలు బయటపడింది ఆమె నింపిన పట్టీవల్ల కాదు, ఆఫీసు గేటు దగ్గర నమోదైన రాకపోకల వల్ల.