కుట్టిన చేతుల హక్కు

 



కొత్త వస్త్రం ధరించేటప్పుడు చదవవలసిన ఒక దుఆను దైవప్రవక్త (స) మనకు నేర్పారు. అందులో దాసుడు ఆ వస్త్రంలోని మేలును, అది ఏ ప్రయోజనానికై తయారయిందో ఆ మేలును అల్లాహ్‌ను అర్థిస్తాడు. దానిలోని కీడు నుండి ఆయన శరణు కోరుతాడు. పండుగనాటి ఉదయం మనలో చాలామంది ఈ దుఆ చదువుతాము. కానీ ఒక చొక్కాలో కీడు ఏముంటుందని ఎప్పుడైనా ఆలోచించామా? గర్వం, ఆడంబరం, దుబారా గురించి మన పండితులు తరచుగా హెచ్చరిస్తూనే ఉన్నారు. ఈ రోజు మరొక కీడును గురించి మాట్లాడుకుందాము. అది తొడిగేవాని హృదయంలో పుట్టేది కాదు. వస్త్రం దుకాణానికి రాకముందే దానిలో చేరిపోయేది.

2013 ఏప్రిల్ 24, బుధవారం. బంగ్లాదేశ్ రాజధాని ఢాకాకు సమీపంలోని సవార్‌లో రానా ప్లాజా అనే ఎనిమిది అంతస్తుల భవనం ఉదయం వేళ కుప్పకూలింది. అందులో ఐదు దుస్తుల కర్మాగారాలు ఉండేవి. యూరప్, అమెరికా దుకాణాలకు వెళ్ళే బట్టలు అక్కడ కుట్టేవారు. 1,134 మంది మరణించారు. సుమారు 2,500 మంది గాయపడ్డారు. ఆ పనివారిలో అధికులు స్త్రీలు, పల్లెల నుండి పొట్ట చేతపట్టుకుని వచ్చిన వారు. ముస్లిములు అత్యధికంగా ఉన్న దేశమది.

ముందురోజే భవనానికి పగుళ్ళు కనిపించాయి. క్రింది అంతస్తులలోని బ్యాంకును, దుకాణాలను మూసివేశారు. కుట్టుపని చేసేవారిని మాత్రం మరునాడు తిరిగి లోపలికి పంపారు. రాకపోతే జీతం పోతుందని బెదిరించారని బ్రతికి బయటపడినవారు చెప్పారు. ఒకే భవనం, అవే పగుళ్ళు. బ్యాంకు ఉద్యోగి ప్రాణానికి ఒక విలువ, దర్జీ ప్రాణానికి మరొక విలువ!

యజమానుల అత్యాశ ఒక్కటే దీనికి కారణమని సరిపెట్టుకోవడం సులభం. అయితే ఆ యజమానిపై ఒత్తిడి ఎవరిదో కూడా చూడాలి. పూర్వం దుస్తుల కంపెనీలు ఋతువును బట్టి కొత్త నమూనాలు తెచ్చేవి. ఇప్పుడు కొన్ని కంపెనీలు వారం వారం తెస్తున్నాయి. ఇంకా తక్కువ ధరకు, ఇంకా త్వరగా కుట్టి ఇమ్మంటాయి. గడువు దాటితే ధర తగ్గించుకుంటాయి, లేదా విమానంలో పంపే ఖర్చు కర్మాగారం మీద వేస్తాయి. చివరకు ఆ భారమంతా మిషను ముందు కూర్చున్న స్త్రీ మీదనే పడుతుంది. పగిలిన గోడల మధ్యకు ఆమెను నెట్టినది ఈ తొందరే.

బుఖారీలో ఒక హదీసు ఉంది. ప్రళయదినాన ముగ్గురికి వ్యతిరేకంగా స్వయంగా అల్లాహ్‌యే వాదిస్తాడు. వారిలో ఒకడు కూలివానితో పని పూర్తిగా చేయించుకుని కూలి ఇవ్వనివాడు. సోదరులారా! 2020లో కరోనా వ్యాపించినప్పుడు ఏం జరిగిందో చూడండి. పెద్ద పెద్ద కంపెనీలు ఆర్డర్లు రద్దు చేశాయి. అప్పటికే కుట్టి, మడతపెట్టి, పెట్టెలకెత్తిన బట్టలకు సైతం డబ్బు చెల్లించమన్నాయి. బంగ్లాదేశ్‌లోనే రద్దయిన, నిలిచిపోయిన ఆర్డర్ల విలువ 300 కోట్ల డాలర్లకు పైమాటేనని అక్కడి ఎగుమతిదారుల సంఘం ప్రకటించింది. పని జరిగింది, చెమట ఆరిపోయింది, కూలి రాలేదు.

అయితే లోకం మౌనంగా కూర్చోలేదు. రానా ప్లాజా దుర్ఘటన తరువాత కార్మిక సంఘాలు, సామాన్య కొనుగోలుదారులు కలిసి ఒత్తిడి తెచ్చారు. కొద్ది వారాలలోనే భవనాల భద్రతపై చట్టబద్ధమైన ఒప్పందం కుదిరింది. కాలక్రమంలో 200కు పైగా కంపెనీలు దానిపై సంతకం చేశాయి. బాధితుల పరిహార నిధికి అవసరమైన 3 కోట్ల డాలర్లు 2015 నాటికి సమకూరాయి. ఆ నిధి నిండడానికి రెండేళ్ళు పట్టిందన్నది కూడా గుర్తుంచుకోవలసిన విషయమే. 'నా బట్టలు ఎవరు కుట్టారు?' అని ఏటా ఏప్రిల్‌లో కంపెనీలను ప్రశ్నించే ఉద్యమం అప్పుడే పుట్టింది. కరోనా కాలంలో 'చెల్లించండి' అనే నినాదంతో సాగిన పోరాటం వల్ల అనేక కంపెనీలు దిగివచ్చాయి. చెడును చేతితో, లేదా నోటితో, అదీ కాకపోతే మనసుతోనైనా ఎదుర్కోవాలన్నది దైవప్రవక్త (స) ఆదేశం. ఈ ఉద్యమకారులలో చాలామందికి ఆ హదీసు తెలిసి ఉండదు. తెలిసిన మనం ఎక్కడ ఉన్నామన్నదే ప్రశ్న.

సాధించవలసినది ఇంకా ఎంతో ఉంది. 2023లో బంగ్లాదేశ్ దుస్తుల కార్మికులు నెలకు 23,000 టాకాల కనీస వేతనం కోరుతూ వీధుల్లోకి వచ్చారు. ప్రభుత్వం నిర్ణయించినది 12,500.

మరి ఆ బట్టలు కొనడం మానేయాలా? అవి హరామ్ అని మేము చెప్పడం లేదు. అలా చెప్పే హక్కు మాకు లేదు. బహిష్కరిస్తే తమ ఉపాధి పోతుందని అక్కడి కార్మిక నాయకులే అంటూ వచ్చారు. వారు కోరుతున్నది ఆర్డర్లు ఆగిపోవడం కాదు, న్యాయమైన ధర, సకాలంలో చెల్లింపు, సంఘం పెట్టుకునే స్వేచ్ఛ. పిల్లలకు పండుగ బట్టలు చవకగా కొనక తప్పని పేద తండ్రిని నిందించడం కూడా మా ఉద్దేశం కాదు. మాట్లాడగలిగిన వారు మాట్లాడాలి. స్థోమత ఉన్నవారు తక్కువ కొని, ఎక్కువ కాలం తొడగాలి. దైవప్రవక్త (స) తమ వస్త్రాన్ని తామే కుట్టుకునేవారని ఆయిషా (రజి) తెలిపారు. ఖలీఫా ఉమర్ (రజి) భుజాల మధ్య అతుకులు వేసిన వస్త్రంతో కనిపించేవారు.

బట్ట వెనుక శ్రమ మన సమాజానికి కొత్తేమీ కాదు. దూదేకుల, నూర్‌బాషా సోదరుల పెద్దలు తరతరాలుగా పత్తి ఏకి బ్రతికినవారే. మన వీధులలో మిషను తొక్కే దర్జీలు ఎందరో మనవారే. ప్రజలకు వారి వస్తువుల విలువ తగ్గించి ఇవ్వవద్దని షుఐబ్ (అలై) తన జాతికి బోధించారు. ఆ మాట ఢాకాకు ఎంత వర్తిస్తుందో మన వీధికీ అంతే వర్తిస్తుంది. రమజాన్ చివరి పది రాత్రులు మనం మస్జిదులో గడుపుతుంటే, మన పండుగ బట్టల కోసం దర్జీ సహరీ దాకా మిషను ముందు కూర్చుంటాడు. ఆ బట్టలు తీసుకుని 'పండుగయ్యాక ఇస్తాలే' అనేవారు మనలోనే ఉన్నారు. మదరసా పిల్లలకు యూనిఫారాలు కుట్టించే కమిటీలకు కూడా ఒక విన్నపం: అందరికంటే తక్కువ ధర చెప్పిన వారికి పని అప్పగించే ముందు, ఒక్కో జతకు కుట్టేవారికి ఎంత ముట్టజెబుతున్నారో అడగండి. ఆ జవాబు విన్న తరువాతే ధర ఖాయం చేయండి. ఎవరికైనా దర్జీ బాకీ మిగిలి ఉంటే, ఈ నమాజు ముగిసిన వెంటనే వెళ్ళి చెల్లించండి. ఈ రోజు శుక్రవారమైనా చాలా దుకాణాలు అసర్ దాకా తెరిచే ఉంటాయి.