అలుపు ఎక్కడి నుంచి వస్తుంది?

(వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

మేము ఉర్దూ మీడియం టీచర్లం, మా తెలుగులో దోషాలుంటే మన్నించాలి.

ఒక ఎండాకాలం మన బార్కస్‌లో ఫుట్‌బాల్ ఆడుతూ మా తొమ్మిదో తరగతి పిల్లవాడొకడు రెండో సగంలో కూర్చుండిపోయాడు. "సార్, కాళ్ళు బాగానే ఉన్నాయి, మనసే రావటం లేదు" అన్నాడు. మేము అందరి ముందూ "కామ్‌చోర్" అని తిట్టాము. తరువాత పుస్తకాలు తిరగేస్తే తెలిసింది, వాడు చెప్పింది అబద్ధం కానక్కరలేదని.

చాలాసేపు పరుగెత్తితే కండరాల్లో ఇంధనం తగ్గుతుంది, అది సరే. మెదడులోనూ ఒక మార్పు జరుగుతుందని 1987లో ఆక్స్‌ఫర్డ్ శాస్త్రజ్ఞుడు ఎరిక్ న్యూస్‌హోమ్, ఆయన సహచరులు ప్రతిపాదించారు. మన నెత్తురులో ట్రిప్టోఫాన్ అనే అమైనో ఆమ్లం ఉంటుంది. అందులో ఎక్కువ భాగం ఆల్బుమిన్ అనే ప్రొటీన్‌ను అంటిపెట్టుకుని తిరుగుతుంది. ఒళ్ళు కొవ్వును కరిగించటం మొదలుపెట్టాక కొవ్వు ఆమ్లాలు వచ్చి ఆ చోటు ఆక్రమిస్తాయి, ట్రిప్టోఫాన్ విడిపోతుంది. మెదడులోకి పోయే దారిలో దానితో పోటీపడే మరికొన్ని అమైనో ఆమ్లాలను అప్పటికే కండరాలు వాడేసుకుంటూ ఉంటాయి. కిక్కిరిసిన బస్సులో నలుగురు దిగితే మనకు చోటు దొరికినట్టే. లోపలికి వెళ్ళిన ట్రిప్టోఫాన్ సెరటోనిన్‌గా మారుతుంది. అది ఎక్కువైతే మత్తు, నిరుత్సాహం వస్తాయంటారు.

ఇది పూర్తిగా రుజువు కాలేదు. ఆ పోటీ అమైనో ఆమ్లాలను తాగించి చూస్తే ఒకచోట లాభం కనపడింది, మరోచోట లేదు. జిమ్ముల్లో బీసీఏఏ అని డబ్బాల్లో అమ్మే పొడి అదే. డబ్బు పెట్టేవారు ఆలోచించుకోండి.

మేము ఈ సంగతి ఎత్తిన కారణం వేరు. అలుపు మెదడులో ఉంటే మందుతో తీసేయవచ్చు కదా అనిపిస్తుంది. 2005లో వెలువడిన ఒక పరిశోధనలో డోపమిన్, నార్‌అడ్రినలిన్‌ల ప్రభావం పెంచే మందు ఇచ్చి, 30 డిగ్రీల వేడిలో సైకిలు తొక్కించారు. వాళ్ళు వేగంగానే తొక్కారు. చాలామందికి ఒంటి వేడి 40 డిగ్రీలకు చేరింది, అయినా శ్రమ ఎక్కువైనట్టు వాళ్ళకు తెలియనే లేదు! 1967లో ఫ్రాన్సు సైకిలు పందెంలో టామ్ సింప్సన్ యాంఫిటమిన్ వాడి, మండుటెండలో కొండ ఎక్కుతూ పడి చనిపోయాడు.

ఇదంతా దూరపు కథ కాదు. మన నగరంలో కుర్రాళ్ళు మెఫెంటర్‌మిన్ ఇంజెక్షన్ పొడిపించుకుంటున్నారు. అది ఆపరేషన్ వేళ పడిపోయిన రక్తపోటును పైకి లేపటానికి డాక్టర్లు వాడే మందు. పోలీసులు పట్టుకున్న వార్తలు మీరూ చదివే ఉంటారు. మనది పహిల్వాన్ల పేట. అమ్మీలూ, అబ్బాలూ, ఇంట్లో సిరంజి కనపడితే ఊరుకోవద్దు.

ఆ పిల్లవాణ్ణి పిలిచి, అదే తరగతి ముందు మా మాట వెనక్కు తీసుకున్నాము. ఇప్పుడు ఎండాకాలంలో ఆట అసర్ నమాజు తరువాతనే పెడుతున్నాము, నీళ్ళకు మధ్యలో రెండుసార్లు ఆపుతున్నాము.